పాత అంబాసిడర్‌ని ఇంటి దగ్గరే బాగు చేసుకోవడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"తాతగారి అంబాసిడర్ కొట్టంలో పడి ఉంది. రంగు వేయించడానికి ఎంతవుతుంది?" నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒంగోలు నుంచి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రంగు ఆఖరి పని. అది ముందు చేయిస్తే ఏడాది తిరిగేలోపే తలుపుల అడుగున పొక్కులు లేస్తాయి. వెల్డింగ్ కోసం కొత్త రంగంతా మళ్లీ గీకాలి. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోతుంది. వరస తప్పకుండా చేసుకుంటేనే తక్కువ ఖర్చులో పని తెములుతుంది.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోలు ఇంజనున్న అంబాసిడర్ గురించి, అంటే మార్క్ 2 నుంచి నోవా దాకా. డీజిల్ బండికీ, ఇసుజు 1800 ఇంజనుకీ కొలతలు వేరు. ప్రీమియర్ పద్మినికీ కొలతలు మారతాయి గానీ పని వరస ఇదే.

## 1. పానా పట్టే ముందు కాగితాలు

కారు ఎంత బాగా తయారైనా ఆర్‌సీ సరిగా లేకపోతే రోడ్డెక్కదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, దానికి బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. ఈ మొత్తాన్ని మొదటిరోజే బడ్జెట్‌లో రాసుకోండి.

కొనబోయే బండైతే ఇవి చూడండి:

- ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. మధ్యలో ఇంజను మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా?
- ఆర్‌సీలో ఓనరు ఎవరు? చాలా అంబాసిడర్లు ఒకప్పుడు ఆఫీసు బండ్లు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు. ఆర్‌సీ ఇంకా ఏదైనా శాఖ పేరు మీదే ఉంటే దాని జోలికి పోవద్దు.
- ట్యాక్సీగా తిరిగిన బండి సొంత కారుగా మారినట్టు కాగితం ఉందా?
- ఫైనాన్స్ ఎంట్రీ మిగిలి ఉంటే ఫారం 35 తెచ్చుకోవాలి. పేరు మార్పుకి ఫారం 29, 30.
- చెన్నై నుంచి తెచ్చే బండైతే ఫారం 28 మీద ఎన్‌వోసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్.

50 ఏళ్లు దాటిన కారుని వింటేజ్ కింద 'వీఏ' సిరీస్‌తో రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి కుదరదు. పెళ్లిళ్లకీ, ఊళ్లకీ కారులో వెళ్లాలనుకుంటే మామూలు రెన్యువలే మీకు దారి.

## 2. తుప్పు పరీక్ష

అంబాసిడర్‌కి జీపుకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. అందుకే అడుగున తుప్పు పట్టిందంటే చూపుకి బాగోకపోవడం ఒక్కటే కాదు, కారు బలమే పోయినట్టు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో పెరిగిన బండికీ, లోపలి మెట్టలో షెడ్డు కింద ఉన్న బండికీ తేడా మొత్తం అడుగునే కనిపిస్తుంది.

కావలసినవి మొండి స్క్రూడ్రైవరు, టార్చి, పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం. స్క్రూడ్రైవరు పిడితో రేకుని తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పుపట్టిన చోట డబ్బుమని మూగగా పలుకుతుంది, అక్కడ మొనతో గట్టిగా పొడవండి. దిగిపోతే ఆ రేకు లేనట్టే లెక్క. అయస్కాంతం పట్టని చోట లోపల ఉన్నది పుట్టీ.

తప్పక చూడాల్సిన చోట్లు:

- తలుపుల కింద పొడుగునా ఉండే సిల్ బాక్సులు, జాకీ పెట్టే చోట్లు
- మ్యాట్లు లేపి, డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరు
- వెనక కమాన్ కట్టలు బిగించే బ్రాకెట్ల చుట్టూ
- డిక్కీ అడుగు, స్టెప్నీ ఉండే అర
- బ్యాటరీ ట్రే, ముందు అద్దం కింది మూలలు, తలుపుల అడుగు అంచులు

రెండు సిల్లులూ, ఫ్లోరూ, కమాన్ బ్రాకెట్లూ అన్నీ పోయిన బండిని తక్కువ బడ్జెట్‌లో బాగు చేయలేం. ఇంట్లో బండైతే మనసొప్పదని తెలుసు. అప్పుడు మంచి బాడీ ఉన్న మరో బండి వెతికి, మీదాన్ని స్పేర్ పార్టులకి వాడుకోవడం మేలు. ఇంజను ఆగిపోయి బాడీ గట్టిగా ఉన్న బండి ఎప్పుడూ మంచి బేరమే. ఇంజను పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ దొరుకుతారు, మంచి రేకు దొరకడమే కష్టం.

## 3. చోటు, పనిముట్లు, నెలల లెక్క

కారు చుట్టూ మనిషి తిరిగేంత జాగా, పైన కప్పు, కింద సిమెంటు నేల. మట్టినేల మీద జాకీ స్టాండు దిగబడుతుంది కాబట్టి అది పనికిరాదు.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లూ అప్పుడే. ఆ మూడు నెలలు ఇంజను, వైరింగ్, సీట్ల లాంటి కప్పు కింద పనులకి పెట్టుకోండి. వెల్డింగు, ప్రైమరు వానల ముందే అయిపోవాలి. రంగుకి మంచి కాలం ఫిబ్రవరి, మార్చి. రోహిణి ఎండల్లో కొట్టిన రంగు రేకు మీద పడేలోపే ఆరి గరుకుగా వస్తుంది.

పనిముట్లలో దీని ప్రత్యేకత ఒకటుంది. ఈ కారు బోల్టులు చాలావరకు ఇంచీ సైజులు. అర ఇంచీ అంటే 12.7 మి.మీ. దాని మీద 13 పానా పెడితే పడుతుంది గానీ, గట్టిగా తిప్పితే జారి తల గుండ్రమైపోతుంది. 7/16, 1/2, 9/16 రింగు పానాలు తప్పక కొనండి.

- నాలుగు జాకీ స్టాండ్లు. ఒక్క జాకీ మీద నిలబడిన కారు కిందికి దూరొద్దు.
- ఫిల్లర్ గేజ్ (సన్నటి గ్యాపులు కొలిచే రేకుల కట్ట), మల్టీమీటరు, గ్రీజు గన్ను
- యాంగిల్ గ్రైండరు, వైరు బ్రష్షు కప్పు, కళ్లద్దాలు, మాస్కు
- మంటలార్పే సిలిండరు, పక్కనే ఇసుక బకెట్టు

డబ్బుని పేజీలవారీగా రాసుకోండి: కాగితాలు, బ్రేకులు-టైర్లు, రేకు పని, ఇంజను, వైరింగు, రంగు, సీట్లు. మొత్తంలో నాలుగో వంతు ఏ పేజీకీ కేటాయించకుండా పక్కన పెట్టండి. రేకు పని మొదలయ్యాక అది దేనికో తెలుస్తుంది.

విప్పడం, గీకడం, బ్రేకు సామాను బిగించడం, వైరింగు, పేపరు కొట్టడం (గరుకు కాగితంతో రుద్దడం) ఇంట్లో చేసుకోగలిగినవి. వెల్డింగు, లేత్ పని, రేడియేటరు, స్ప్రే బయట ఇవ్వండి. నెల్లూరు, ఒంగోలులో దొరకని సామానుకి విజయవాడ ఆటోనగర్, లేదా చెన్నైలో జీపీ రోడ్డు, పుదుపేట. పాత ముక్కని సంచిలో పెట్టుకుని వెళ్లండి, మోడల్ పేరు చెప్పి కొంటే సగం సామాను సరిపోదు. ఒక్క ముక్క కోసం పోకుండా జాబితా పూర్తయ్యాక ఒకేసారి వెళ్లండి.

## 4. విప్పడం

ఉత్సాహం కొద్దీ రెండు రోజుల్లో కారు మొత్తం విప్పేసి, తర్వాత ఏది ఎక్కడిదో తెలియక ఇనుము కొట్టుకి అమ్మేసినవాళ్లు చాలామంది. ఒక భాగం విప్పండి, బాగు చేయండి, బిగించండి, ఆ తర్వాతే ఇంకో భాగం.

- విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటో
- ఒక్కో భాగం బోల్టులకి ఒక్కో జిప్ కవరు, లోపల చీటీ
- పట్టేసిన బోల్టుకి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె
- పాత రబ్బర్లు, బీడింగులు కొత్తవి చేతికొచ్చేదాకా పారేయొద్దు

ముందు చక్రాల సస్పెన్షన్‌లో ఉండేవి టార్షన్ బార్లు. వాటిలో బలం చుట్టుకుని ఉంటుంది. తెలిసిన మేస్త్రీ లేకుండా వాటి బోల్టు వదులు చేస్తే చెయ్యి విరిగే ప్రమాదం. పెట్రోలు ట్యాంకు దించి కారుకి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. దానికి ఇంట్లో వెల్డింగు, వేడి అనే మాటే వద్దు.

## 5. రేకు పని

ఎక్కువ టైమూ, ఎక్కువ ఓపికా పెట్టాల్సింది ఇక్కడే.

తుప్పు పట్టిన రేకుని మంచి రేకు తగిలేదాకా కోయాలి. తుప్పు మీదే కొత్త రేకు అతికిస్తే రెండు రేకుల మధ్య చెమ్మ నిలిచి, లోపల్నుంచి మళ్లీ తింటుంది. చాలా వర్క్‌షాపుల్లో తొందరగా చేసి ఇచ్చేది ఈ అతుకే. "కోసి వెయ్యండి, మీద వెయ్యొద్దు" అని ముందే మాట్లాడుకుని, కోసిన చోటు మీరు చూశాకే కొత్త ముక్క వేయించండి.

సిల్ బాక్సు కోసే ముందు తలుపు దారిలో అడ్డంగా ఇనుప గొట్టం టాక్ (తాత్కాలికంగా చుక్క వెల్డింగు) వేయించండి. లేకపోతే బాడీ మధ్యలో కుంగి, తర్వాత తలుపులు పడవు. రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. ఒక వైపు పూర్తిచేసి, తలుపు మూసి తెరిచి చూసి, అప్పుడు రెండోవైపు.

ఫ్లోరుకీ, సిల్లుకీ 18 గేజి రేకు, అంటే సుమారు 1.2 మి.మీ. తలుపు అడుగుకి 20 గేజి చాలు. వెల్డింగు సీవోటూతోనే (గ్యాసు, సన్నటి తీగతో చేసేది) చేయించండి. మామూలు రాడ్డు వెల్డింగు పల్చటి రేకుని కాల్చి చిల్లులు పెడుతుంది. ఒకే గీతగా లాగకుండా ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ వెనక్కి వచ్చి మధ్యలో ఒకటి, అలా వేయాలి. ఒకేచోట వేడెక్కితే రేకు వంకర్లు పోతుంది. బ్యాటరీ వైర్లు రెండూ తీసే ఉండాలి.

గ్రైండరు కొట్టి తెల్లగా మెరిసే రేకుని ఆ రాత్రికి అలాగే వదిలేస్తే మన గాలికి తెల్లారేసరికి ఎర్రటి పొర కడుతుంది. కాబట్టి ఒకరోజులో ఎంత భాగానికి ప్రైమరు కొట్టగలరో అంతే గీకండి. థిన్నరు గుడ్డతో తుడిచి, చేత్తో తాకకుండా ఎపాక్సీ ప్రైమరు రెండు పొరలు. గీకిన రేకుని బోరు నీళ్లతో కడగొద్దు. ఆ ఉప్పు రంగు కిందే ఉండిపోయి తర్వాత పొక్కులుగా తేలుతుంది.

వెల్డింగు అయ్యాక చూసుకోవాల్సినవి:

- సిల్లుల్లో, తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయా? పుట్టీతో మూసేస్తే కొత్త రేకు కూడా పోతుంది.
- సిల్లు లోపలికి పైపుతో వ్యాక్స్ స్ప్రే పట్టించారా?
- అతుకుల మీద సీలెంట్ పూశారా?
- ఆ తర్వాతే అండర్‌కోటింగు. తుప్పు మీద పూసిన నల్లటి కోటింగు తుప్పుని దాస్తుంది, ఆపదు.
- పుట్టీ మందం 2, 3 మి.మీ. దాటిందంటే రేకు సరిగా తట్టలేదని అర్థం. టింకరింగ్ మళ్లీ చేయించండి.

## 6. బ్రేకులు, స్టీరింగు, టైర్లు

ఇంజను స్టార్టు చేయాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. బ్రేకు లేని కారు స్టార్టయితే వెంటనే వీధిలోకి తీయాలనిపిస్తుంది. అందుకే ఇది ముందు.

పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకే బ్రేకు లైను. ఎక్కడ కారినా మొత్తం పెడల్ పోతుంది. ఏళ్లతరబడి ఆగిన బండిలో ఒక వీల్ సిలిండరు బాగుంది, మిగతావి మారిస్తే చాలు అనుకోకండి.

1. డ్రమ్ములు తీశాక లోపలి దుమ్ముని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవరులో కట్టి పారేయండి.
2. సిలిండరు లోపల వేలు పెట్టి తడమండి. నున్నగా ఉంటే రబ్బరు కిట్టు చాలు. గుంటలు తగిలితే కొత్తది వేయండి, లేదా లేత్ షాపులో స్లీవు.
3. రబ్బరు హోసులు మూడూ కొత్తవి: ముందు రెండు, వెనక ఇరుసుకి ఒకటి.
4. డ్రమ్ములో గాడి పడి ఉంటే లేత్ మీద తీయించండి.
5. సీలు తీయని డబ్బాలోని డాట్ 3 బ్రేకు ఆయిలే పోయండి. అది రంగు మీద పడితే రంగుని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.
6. గాలి తీయడం మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

పెడల్ నొక్కి అలాగే నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండరు లోపల కారుతోంది. మెత్తగా ఉండి, పంపు కొడితే గట్టిపడుతుంటే లైనులో ఇంకా గాలి ఉంది, లేదా షూలు దూరంగా సెట్ అయ్యాయి.

ముందు చక్రం లేపి పైన కింద పట్టుకుని ఊపండి. ఆడితే కింగ్ పిన్ లేదా బేరింగు. పక్కలకి పట్టుకుని ఊపితే ఆడేది స్టీరింగు జాయింట్లలో. ప్రతి గ్రీజు నిపుల్ దగ్గరా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. రాకపోతే నిపుల్ మూసుకుపోయింది, మార్చండి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా బీటలు వారిన పాత టైర్లతో హైవే ఎక్కొద్దు.

## 7. ఇంజను

ముందే విప్పేయొద్దు. చాలా ఇంజన్లు శుభ్రం చేసి సెట్ చేస్తే చాలు.

ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాల ఇంజనాయిల్ పోసి రెండు రోజులు వదలండి. తర్వాత ప్లగ్గులు లేకుండానే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. మొదటిసారే సెల్ఫ్ కొడితే పట్టేసిన రింగు విరగొచ్చు. తిరగకపోతే ఇంకొన్ని రోజులు ఆగి మళ్లీ ప్రయత్నించండి, గడ్డపారతో బలవంతం వద్దు.

చేత్తో తిరిగాక పాత ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోయండి. తర్వాత సెట్టింగులు:

- వాల్వు గ్యాపు 15 థౌ, అంటే 0.38 మి.మీ., ఇంజను వేడి మీద, అంటే స్టార్టయి వేడెక్కాక. గుర్తుకి తొమ్మిది లెక్క: 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కి ఉన్నప్పుడు 1వది సెట్ చేయాలి, 7వది నొక్కి ఉన్నప్పుడు 2వది, 6కి 3, అలా. రెండూ కలిపితే తొమ్మిది రావాలి.
- డిస్ట్రిబ్యూటరు పాయింట్ల గ్యాపు కూడా 15 థౌ. ఫిల్లర్ గేజ్‌లో అదే రేకు.
- ప్లగ్గు గ్యాపు 25 థౌ. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2.

మొదటి స్టార్టు పాత ట్యాంకుతో వద్దు. చిన్న క్యానులో తాజా పెట్రోలు పోసి ఆరుబయట చేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత కాలపు రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ దానికి మెత్తబడి చిట్లుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే హోసులు అడిగి కొనండి. కారు నెలలు కదలకుండా ఉండేట్టయితే ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచొద్దు, ఇథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది.

నడిచాక కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి, గేజితో చూపించండి. అంకె ఎంత అనే దానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక్కటే బాగా తక్కువుంటే ఆ సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్ ఒక్కటే దించితే సరిపోతుంది, ఖర్చు చాలా తగ్గుతుంది.

హీటెక్కడం మన వైపు అంబాసిడర్ల పెద్ద జబ్బు, దానికి ముఖ్య కారణం బోరు నీళ్లు. కనిగిరి, కొండపి వైపు ఒక వేసవి ఆ నీళ్లు పోసి తిప్పితే రేడియేటరు గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. రేడియేటరు విప్పించి రాడ్డు కొట్టించండి. అది చేశాక కూడా హీటెక్కుతుంటే బ్లాకుకున్న డ్రెయిన్ ట్యాపు తీసి చూడండి. నీళ్లు రాకపోతే లోపల మడ్డి గట్టిపడింది. వైరుతో కెలికి, పైనుంచి నీళ్లు వదిలి, తేటగా వచ్చేదాకా కడగాలి. ఈ మడ్డి ఎక్కువగా పేరుకునేది వెనక, నాలుగో సిలిండరు చుట్టూ. తర్వాత పోసేది డిస్టిల్డ్ వాటరు, కూలెంటు. హీటెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం వైద్యం కాదు, కొత్తది వేయించండి.

## 8. వైరింగు

ఇన్సులేషన్ వంచితే పగులుతుంటే ముక్కలు అతకొద్దు, వైరింగు కిట్టు మొత్తం మార్చండి. పాతదాన్ని కారులోనే ఉంచి, దాని పక్కనే కొత్తది పరుస్తూ ఒక్కో వైరు మార్చుకుంటూ పోతే తికమక ఉండదు.

ఫ్యూజు చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం గానీ, రాగి తీగ గానీ చుట్టి ఉంటే ముందు అది తీసేయండి. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టండి, వెలుగు తేడా ఆ రాత్రే తెలుస్తుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీ కొనే ముందు ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, గీకి, బిగించండి.

## 9. రంగు, సీట్లు

ఇప్పుడు రంగు. రేటు మాట్లాడేటప్పుడు పేపరు పని మీరే చేసి ఇస్తానని చెప్పండి. కూలీలో పెద్ద భాగం అదే. పుట్టీ మీద 80, 120, 240 వరసన. ప్రైమరు సర్ఫేసరు మీద 400, తర్వాత 800 వాటర్ పేపరు. చెక్క ముక్కకి పేపరు చుట్టి రుద్దితేనే రేకు సమంగా వస్తుంది.

గట్టిపడే మందు కలిపే టూకే రంగులు ఇంట్లో కొట్టొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకి హాని, మామూలు మాస్కు ఆపదు. స్ప్రే బూత్ (రంగు కొట్టే మూసిన గది) ఉన్న షాపుకి ఇవ్వండి. ఇంట్లోనే కొట్టాలంటే ఎన్‌సీ డ్యూకో (థిన్నరు కలిపి కొట్టే, గాలికే ఆరే రంగు), అదీ మాస్కుతో, దగ్గర్లో మంట లేకుండా. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపు ముగించండి. తడిగాలిలో కొడితే రంగు పాలపొరలా తెల్లబారుతుంది. అలా అయితే పూర్తిగా ఆరనిచ్చి, రిటార్డరు (రంగు మెల్లగా ఆరేట్టు చేసే మందు) కలిపిన థిన్నరుతో పల్చటి పొర కొట్టండి.

అసలు రంగు మారుస్తుంటే ఆర్‌సీలో ఎక్కించాలి.

రంగయ్యాక బీడింగులు, తలుపుల రబ్బర్లు, చివరికి సీట్లు. మ్యాట్లు వేసే ముందు కారుని పైపుతో తడిపి లోపల ఎక్కడ కారుతోందో చూడండి. క్రోమ్ పని డబ్బు మిగిలితే తర్వాతెప్పుడైనా చేయించుకోవచ్చు.

## 10. మొదటి 500 కిలోమీటర్లు

ఇన్సూరెన్స్ తీసుకుని, ఆర్‌సీ గడువు తీరి ఉంటే రెన్యువల్ కూడా చేయించుకున్నాకే రోడ్డెక్కాలి. మొదట ఊళ్లోనే, పగలు, ఇంటికి దగ్గరగా తిప్పండి. ఒక్కసారే హైవే ఎక్కి తిరుపతికి బయల్దేరొద్దు.

- మొదటి చుట్టు అయ్యాక చక్రాల నట్లు మళ్లీ బిగించండి, డ్రమ్ములు తాకి చూడండి. ఒకటే బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది.
- రాత్రి కారు కింద అట్టముక్క పరవండి. నల్లటి చుక్క ఇంజనాయిల్, నీళ్లలా ఉన్నది కూలెంటు. చక్రం లోపలి వైపు తడి ఉంటే బ్రేకు ఆయిల్, అప్పుడు బండి తీయొద్దు.
- బ్రేకులు ఇంకోసారి దగ్గరికి సెట్ చేయండి, కొత్త లైనింగు సర్దుకుంటుంది.
- 500 దగ్గర ఇంజనాయిల్ మార్చి, వాల్వు గ్యాపు మళ్లీ చూడండి. హెడ్ దించి ఉంటే మేస్త్రీతో హెడ్ బోల్టులు చెక్ చేయించండి.

ఆర్‌సీ గడువు తీరిన బండైతే ఈ 500 కిలోమీటర్లకి ముందే ఆర్టీవో తనిఖీకి స్లాటు బుక్ చేసుకోండి. వెళ్లే ముందు రోజు హారను, వైపర్లు, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, హ్యాండ్ బ్రేకు, హెడ్‌లైట్ల ఎత్తు చూసుకోండి. ఛాసిస్ నంబరు పలక మీద రంగు పడి ఉంటే థిన్నరు గుడ్డతో తుడిచి, అంకెలు చదవగలిగేట్టు చేసి తీసుకెళ్లండి.